క్రిస్మస్ సువార్త సామాను: పర్లాకిమిడి, గుణుపురం వైపు ఏది పనికొస్తుంది, ఏది దండగ

నవంబరు సగానికొచ్చేసరికి దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఒకటే లెక్క నడుస్తుంది. కరపత్రాలు ఎన్ని వేలు, స్పీకరు పాతదే చాలా, కొత్తది కొనాలా, స్టారు ఎవరు కడతారు? చివరికి ఆంధ్రలో ఏదో ఒక క్రైస్తవ పుస్తకాల షాపుకి ఫోన్ చేసి రెడీమేడ్ కరపత్రాల కట్టలు బస్సులో వేయించుకుంటారు. అందుకే ఈ సమీక్ష ఆ కట్టలతోనే మొదలుపెడదాం.

అచ్చు చూస్తే వంక పెట్టడానికి లేదు. మల్టీకలర్, నున్నటి ఆర్ట్ పేపర్, వేలల్లో అచ్చవుతాయి కాబట్టి ఒక్కోటి చవకగానే పడుతుంది. అయినా సరిహద్దుకి ఇటువైపు పంచడానికైతే ఐదుకి రెండు మార్కులే. ఇక్కడ చాలామంది తెలుగువాళ్ళు వినే భాష వేరు, చదివే భాష వేరు. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది. ఇళ్ళల్లో, సంతల్లో తెలుగే ఉంది గాని బడిలో ఒడియా వచ్చింది. ఇంటి అవ్వ కొంచెమైనా తెలుగు చదువుతుంది, కొడుకు తడుముకుంటాడు, మనవరాలు కరపత్రం తిరగేసి బొమ్మ చూసి పక్కన పెడుతుంది. అదే పిల్లతో తెలుగులో మాట్లాడితే ఒక్క మాట పోకుండా వింటుంది. కాబట్టి నోటితో, స్పీకరులో చెప్పేది తెలుగులో ఉండాలి. కాగితం మీద ఒడియా తప్పనిసరి, తెలుగు పెద్ద అక్షరాల్లో పెద్దవాళ్ళ కోసం. ఏ సామాను కొన్నా ముందు ఈ లెక్క చూసుకోవాలి.

ఆ కట్టల్లో రెండో లోటు బొమ్మలు. సగం వాటి మీద మంచు, దుప్పి బండి, శాంతా తాత. క్రిస్మస్ అంటే ఏమిటో తెలియని ఇంటికి అది చేరితే ఎర్రటోపీ తాత పండగ అనుకుంటారు, తప్పు వాళ్ళది కాదు. పశువుల తొట్టి, గొల్లలు, తల్లి ఒడిలో బిడ్డ ఉన్నదైతే మీరు నోరు తెరవకముందే సగం కథ చెప్పేస్తుంది. పశువుల పాక ఈ ఊళ్ళలో ఎవరికీ కొత్త కాదు కదా.

మూడోది అన్నిటికంటే పెద్దది, చట్టం. ఆంధ్రలో అచ్చయ్యే కరపత్రాలు రాసేవాళ్ళు ఒడిశా చట్టాన్ని దృష్టిలో పెట్టుకుని రాయరు. ఇక్కడ 1967 నుంచి మతస్వేచ్ఛ చట్టం ఉంది. బలవంతంతో, ప్రలోభంతో, మోసంతో మతం మార్చడం దాని కింద నేరం. ఏడాది వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మైనరునో, స్త్రీనో, ఎస్సీ, ఎస్టీ వ్యక్తినో మార్చినట్టు తేలితే రెండేళ్ళు, 10,000. చాలామంది గమనించనిది ‘బలవంతం’ నిర్వచనం. దేవుని ఆగ్రహం వస్తుందని బెదిరించడం కూడా అందులో ఉంది. నగదుగా గాని వస్తువుగా గాని ఇస్తామనే కానుక ప్రలోభం కిందికి వస్తుంది. ఇప్పుడు రెడీమేడ్ కరపత్రం చివరి పేజీ చూడండి: నరకం మంటల బొమ్మ, ‘ఈ రాత్రే నీ ప్రాణం పోతే?’ అనే ప్రశ్న, కింద ‘ప్రార్థనకు రండి, మీ రోగాలు, అప్పులు తీరిపోతాయి’. రాసినవాడి మనసు ఎంత మంచిదైనా, ఫిర్యాదు చేసేవాడికి అది రాసి చేతికిచ్చిన కాగితం. రోగాలు నయమవుతాయనే హామీకైతే 1954 నాటి మందులు, మాయ వైద్యాల ప్రకటనల చట్టాన్ని కూడా ఎత్తి చూపగలరు.

సువార్త చెప్పడం నేరం కాదు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పి, ఒడిశా చట్టాన్ని నిలబెట్టింది. అంటే యేసు పుట్టుక గురించి చెప్పొచ్చు, ఆయన ఎవరో చెప్పొచ్చు, రమ్మని పిలవొచ్చు. భయపెట్టకూడదు, ఆశ పెట్టకూడదు. నిజానికి లూకా రెండో అధ్యాయంలో దూత గొల్లలతో అన్న మొదటి మాటే భయపడవద్దని. కరపత్రం ఆ మాటతో మొదలైతే చట్టానికీ ఇబ్బంది లేదు, సువార్తకీ లోటు లేదు.

అందుచేత మా సలహా: కట్టలు మానేసి, ఇక్కడే అచ్చు వేయించుకోండి. పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, జయపురం ప్రెస్సుల్లో ఒడియా కంపోజింగ్‌కి కొరత లేదు. తెలుగు దగ్గరే తిప్పలు. ఈ పని సరిగ్గా జరిగితే ఐదుకి నాలుగున్నర, జరక్కపోతే కట్టల కంటే అధ్వానం. అందుకే వివరంగా చెప్పాలి.

సైజుతో మొదలుపెట్టండి. ఎ5 అని అడిగితే డబుల్ డెమ్మీ షీటులో (23 × 36 అంగుళాలు) 12 ముక్కలే వస్తాయి, మిగతాది కత్తిరింపుల్లో పోతుంది. డెమ్మీ వన్ బై ఎయిట్ అనండి. కత్తిరించాక ఐదున్నర × ఎనిమిదిన్నర అంగుళాలు ఉంటుంది, చూడటానికి ఎ5 లాగే ఉంటుంది, అదే షీటులో 16 వస్తాయి. దాన్ని మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు, చొక్కా జేబులో పడుతుంది. మొదటి పేజీ బొమ్మ, లోపల ఎడమ ఒడియా, కుడి తెలుగు, వెనక సంఘం చిరునామా, ఆరాధన వేళలు. అంతకంటే ఎక్కువ కూరొద్దు. ఒక్కో భాషలో 120 నుంచి 150 మాటలు చాలు. తెలుగు అక్షరం 14 పాయింట్ల కంటే తగ్గకూడదు, చదివేది అరవై దాటినవాళ్ళు.

కాగితం 80 జీఎస్ఎమ్ (కాగితం మందాన్ని చెప్పే బరువు లెక్క) ‘మ్యాప్‌లితో’ అనే మామూలు తెల్లకాగితం తీసుకోండి. 130 జీఎస్ఎమ్ ఆర్ట్ పేపర్ చేతికి బరువుగా, ఖరీదుగా అనిపిస్తుంది నిజమే, కాని క్రీజింగ్ (ముందే మడత గీత నొక్కడం) లేకుండా మడిస్తే మడత దగ్గర సిరా పగిలి తెల్లగీత పడుతుంది. ముదురు నీలం, ఎరుపు బ్యాక్‌గ్రౌండ్ ఉంటే మరీ ఘోరం. పైగా ఆర్ట్ పేపర్ మీద పెన్ను సరిగా రాయదు. కరపత్రం మీద ఫోన్ నంబరో, కూడిక జరిగే ఇంటి గుర్తో చేత్తో రాసివ్వాల్సిన సందర్భం ప్రతి వీధిలోనూ వస్తుంది.

ఇక అక్షరాలు. పాస్టరుగారు ఫోన్‌లో టైపు చేసి వాట్సాప్‌లో పంపేది యూనికోడ్. చాలా ప్రెస్సుల్లో తెలుగు పని ఇంకా ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుంది, పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలియదు. కన్వర్టర్‌లో వేసి మారుస్తారు. అప్పుడు వత్తులు ఊడతాయి, ‘క్రీస్తు’లో రకారం పక్కకి జారుతుంది, ‘రక్షకుడు’లో క్ష విడిపోతుంది. ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తే మేలే, కాని పేరాగ్రాఫ్ సెట్టింగులో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టకపోతే అక్కడా వత్తులు విడివిడిగా కూర్చుంటాయి. ఆపరేటరు ఒడియావాడైతే అతనికి తప్పు కనబడదు. అందుకే స్క్రీన్ మీద చూసి సరే అనొద్దు, కాగితం మీద ప్రూఫు తీయించి తెలుగు చదివే ఇద్దరు విడివిడిగా చదవాలి. ఒడియా వైపు ఒడియా మీడియంలో చదివినవాళ్ళు చూడాలి. ఒడియాలో ‘య’ లాంటి అక్షరాలు రెండున్నాయి, ఒకటి జకారంలా పలుకుతుంది. ప్రభువు పేరులో ఆ జకారంలా పలికేదే రావాలి, రెండోది పడితే మొదటి పంక్తిలోనే నవ్వులపాలు.

రంగు విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పండి: అక్షరాలన్నీ ఒక్క నలుపు ప్లేటులోనే (ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు రేకు ఉంటుంది) రావాలి. డిజైన్‌లో నలుపుని నాలుగు రంగుల్లో కలిపేస్తే, మెషీన్ మీద ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా చిన్న వత్తుల చుట్టూ ఎర్రటి, నీలి నీడ వస్తుంది. అంచుల దాకా బొమ్మ ఉంటే నాలుగు పక్కలా 3 మిల్లీమీటర్లు అదనంగా వదలమనండి, లేకపోతే కత్తిరించాక తెల్లంచు మిగులుతుంది. క్యూఆర్ కోడ్ పెడితే 2 సెంటీమీటర్లకి తగ్గకుండా, తెల్లమీద నల్లగా, చుట్టూ ఖాళీ వదిలి పెట్టాలి. బంగారు రంగులో పెడితే అందంగా ఉంటుంది, ఫోన్ మాత్రం చాలాసార్లు చదవదు.

ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు 500కైనా 5,000కైనా ఒకటే. 500 లోపు చాలనుకుంటే డిజిటల్ ప్రింటు చూసుకోండి, వెయ్యి దాటితే ఆఫ్‌సెట్. ఎన్ని కావాలో మనుషుల్ని బట్టి కాదు, ఇళ్ళని బట్టి లెక్కేయండి. 150 గడపల ఊరికి 150, చేయి చాచి అడిగేవాళ్ళ కోసం ఇంకో యాభై. ఒకే ఇంట్లో నలుగురికి నాలుగు ఇస్తే మూడు పొయ్యి రాజేయడానికే. నవంబరు 15 లోపు మేటరు ఇచ్చేయండి. డిసెంబరులో ప్రెస్సులకి క్యాలెండర్లు, డైరీల పని మీద పడుతుంది, మీ కరపత్రం ఆదివారం నుంచి ఆదివారానికి జరుగుతూ పోతుంది. వాక్యాలు ముద్రిత బైబిల్ నుంచి ఎక్కువగా తీసుకుంటే బైబిల్ సొసైటీ హక్కుల సంగతి కనుక్కోండి. ప్రచురించిన సంఘం పేరు, ప్రెస్సు పేరు, ఊరు కింద తప్పకుండా ఉండాలి. పేరు లేని కాగితం ఎవరిదని అడిగితే చెప్పుకోలేం.

సవర గిరిజనుల ఊళ్ళకి వెళ్ళేవాళ్ళకి ఒక హెచ్చరిక. సవర భాషలో సువార్త భాగాలు దొరుకుతాయని ఎగిరి గంతేసి కొనేయకండి, ముందు ఏ లిపిలో ఉందో చూడండి. గజపతి, రాయగడ జిల్లాల సంఘాల్లో మిషనరీల కాలం నుంచి రోమన్ లిపిలో సవర చదివేవాళ్ళున్నారు. ఆంధ్ర వైపు తెలుగు లిపిలో రాస్తారు. 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపి వేరే ఉంది, దాన్ని వాడేవాళ్ళకి అది మతంతో కూడా ముడిపడింది. తప్పు లిపిలో ఉన్న కట్ట మోసుకెళ్తే ఒక్కరూ చదవరు. ఆ కొండల్లోని సంఘాల పాస్టర్లని అడిగితే ఏది కావాలో ఒక్క మాటలో చెప్తారు.

రెండో పెద్ద ఖర్చు స్పీకరు. అందరూ కొనేది 12 అంగుళాల ట్రాలీ స్పీకరు, డబ్బా మీద వేల వాట్లు రాసి ఉంటాయి. ఆ అంకె పీఎంపీవో, అంటే ఒక్క క్షణం పలికే గరిష్ఠ శక్తి. దాన్ని వదిలేసి ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా ఇచ్చే శక్తి, ఎంతో అడగండి. కరోల్స్‌కి 20, 30 వాట్ల ఆర్ఎంఎస్ బోలెడు. 12 అంగుళాలది బరువు, దాని ప్లాస్టిక్ చక్రాలు సిమెంటు రోడ్డుకే గాని కొండదారికి కావు. ఎనిమిది అంగుళాలది, భుజానికి పట్టీ ఉన్నది కొనండి. 12 అంగుళాలదానికి రెండున్నర, ఎనిమిదికి నాలుగు మార్కులు.

బ్యాటరీ మీద అమ్మేవాడు చెప్పే గంటలు నమ్మొద్దు, మీరే లెక్కేసుకోండి. 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్లు అంటే 84 వాట్ అవర్లు. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే దించితే త్వరగా చస్తుంది కాబట్టి చేతికొచ్చేది 42. సగటున 15 వాట్లు లాగితే మూడు గంటల లోపే. అదే బ్యాటరీకి స్టారు లైట్లు కూడా తగిలించారంటే చివరి వీధిలో పాట మూలుగుతుంది. వచ్చే ఏడాది స్పీకరు తీస్తే పలకడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి కారణం ఒకటే: జనవరిలో ఖాళీ బ్యాటరీతో అటక మీద పెట్టేయడం. నిండా ఛార్జి చేసి పెట్టి, రెండు మూడు నెలలకోసారి మళ్ళీ ఛార్జి చేస్తే బ్యాటరీ మరో రెండు క్రిస్మస్‌లు వస్తుంది.

పెన్‌డ్రైవ్ పాడటం లేదంటే చాలాసార్లు ఫార్మాట్ సమస్య. ఈ స్పీకర్లలో ఉండే బోర్డులు ఎఫ్ఏటీ32 మాత్రమే చదువుతాయి, 64 జీబీ డ్రైవులు ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. 32 జీబీ లోపుది వాడండి. పాటలు పేర్ల వరసలో కాకుండా కాపీ చేసిన వరసలో వస్తుంటే ఒక్కొక్కటే వరసగా కాపీ చేయాలి. మైకు కీచుమంటే పాడేవాళ్ళు స్పీకరు ముందు నిలబడ్డారన్న మాట, వెనక్కి రమ్మనండి. అయినా మా అభిప్రాయం అడిగితే ట్రాక్ పాటల కంటే ఒక డోలక్, రెండు జతల తాళాలు, తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి కాలం నాటి కీర్తన ఒకటి ఉంటే గడపలోకి వచ్చి వినేవాళ్ళు ఎక్కువ. స్పీకరు చివర్లో రెండు నిమిషాల మాటకి చాలు.

శబ్దం నియమాలు 2000 సంవత్సరం నుంచి ఉన్నాయి: రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకరు వద్దు, నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. పండగలకి ఏడాదిలో 15 రోజుల దాకా అర్ధరాత్రి వరకు అనుమతించే వీలు ప్రభుత్వానికి ఉంది, అది ప్రకటించారో లేదో థానాలో అడగండి. ఏ రోజు ఏ వీధి, ఎంతమంది, ఎన్ని గంటలకి ముగుస్తుంది అని రాసిన ఉత్తరం థానాలో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. పక్క కంధమాల్ జిల్లాలో 2007 క్రిస్మస్ వేళే గొడవలు మొదలయ్యాయి, ఆ జాగ్రత్త అనవసరమని ఎవరూ అనరు.

మిగతావి త్వరగా. మెమరీ కార్డులో ఆడియో సువార్త: నాలుగు మార్కులు, చదవలేనివాళ్ళకి ఇంతకు మించినది లేదు. మాట మాత్రమే కాబట్టి 64 కేబీపీఎస్ మోనో చాలు, గంటకి 29 ఎంబీ లోపే. సంతలో దొరికే పెద్ద సైజు చవక కార్డులు చాలావరకు దొంగవి, 4 జీబీ అసలైనది మేలు. స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్ళకి బైబిల్.ఈజ్ ఆప్‌లో తెలుగు, ఒడియా ఆడియో ఉచితం. మినీ ప్రొజెక్టర్: ఒకటిన్నర. డబ్బా మీది వేల ల్యూమెన్లు చూసి కొంటారు, ఆన్సీ ల్యూమెన్లు (ప్రమాణం ప్రకారం కొలిచిన వెలుగు) అడిగితే చాలావాటిలో అందులో పదో వంతు కూడా ఉండవు, పది అడుగుల తెర మీద ముఖాలు బూడిదలా కనిపిస్తాయి. కాగితం స్టారు డిసెంబరు మంచుకి రెండు రాత్రుల్లో మెత్తబడుతుంది. వెదురు చట్రానికి రంగు ప్లాస్టిక్ షీటు, లోపల విడి బ్యాటరీతో ఎల్ఈడీ పెట్టుకోండి.

పంచేటప్పుడు క్యాలెండరు చూసుకోండి. డిసెంబరులో మార్గశిరం గురువారాలు పడతాయి. ఒడియా ఇళ్ళల్లో మాణబసా, మనవాళ్ళ ఇళ్ళల్లో లక్ష్మివారం పూజ. గడప ముందు బియ్యప్పిండి ముగ్గులు పెడతారు. ఆ రోజు వెళ్ళొద్దు, వెళ్ళక తప్పకపోతే ముగ్గు తొక్కకుండా పక్కన నిలబడండి. కరపత్రం ఇంటి పెద్ద చేతికే ఇవ్వాలి, రోడ్డు మీద ఆడుకునే పిల్లలకి ఇవ్వకూడదు. వద్దన్న ఇంట్లో ‘ఉంచండి’ అని బతిమాలకూడదు. దుప్పట్లు, చీరలు పంచే కార్యక్రమం ఉంటే దాన్ని, కరపత్రాల్ని ఒకే రోజు, ఒకే చేత్తో ఎప్పుడూ కలపొద్దు. చట్టం ప్రలోభం అనే మాటని చదివేది సరిగ్గా అక్కడే.

ఇంకొకటి, ప్రెస్సుకి మేటరిచ్చేటప్పుడే చెప్పాలి: కరపత్రం మీద సంవత్సరం వేయించకండి, ‘డిసెంబరు 25 ఉదయం’ అంటే చాలు. మిగిలినవి పాలిథీన్ కవర్లో చుట్టి, కలరా ఉండలు రెండు వేసి పెట్టెలో పెడితే వచ్చే ఏడాదికి పనికొస్తాయి.